యాంటీ ఏజింగ్ కోర్సా? పరిశోధనా?

ప్రశ్న: మా అమ్మాయి బైపీసీ. రెండోసారి నీట్ రాసినా ఎంబీబీఎస్ సీటు రాలేదు. మైటోకాండ్రియా వల్ల ముసలితనం, జబ్బులు ఎలా వస్తాయో పరిశోధన చేస్తానంటోంది. ఏడాదిలో అయిపోయే యాంటీ ఏజింగ్ కోర్సు నయమని తెలిసినవాళ్లు చెప్పారు. ఏది మంచిది? పరిశోధనంటే ముప్పై ఏళ్లొచ్చినా చదువు అవదటగా? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీ అసలు ప్రశ్న చివరిదేనండి. ఆడపిల్లల తండ్రులు పీహెచ్‌డీ గురించి అడిగితే ఆ వెనక పెళ్లి టెన్షన్ ఉంటుందని నాకు తెలుసు. ముందు దాని సంగతి చూద్దాం. పీహెచ్‌డీ చేసేవాళ్లు ఇంటి మీద ఆధారపడి కూర్చోరు. పరిశోధన చేసేవాళ్లకిచ్చే జేఆర్ఎఫ్ అనే ఫెలోషిప్ వస్తే నెలకు 37,000, రెండేళ్ల తర్వాత 42,000 రూపాయలు ఇస్తారు. టంచనుగా పడతాయని మాత్రం చెప్పను.

ఇక ఆ కోర్సు. నాకు దాని మీద నమ్మకం లేదు, ఎందుకో చెప్తాను. మైటోకాండ్రియా అంటే మన కణాల్లో శక్తిని తయారుచేసే భాగాలు. తిన్న తిండిలోని శక్తి ఎలక్ట్రాన్ల రూపంలో వాటి లోపలి పొరలోని కాంప్లెక్సులనే ప్రొటీన్ గుంపుల మీదుగా చేతులు మారుతూ పోతుంది. చివర ఆక్సిజన్ వాటిని అందుకుని నీరవుతుంది. కొన్ని మాత్రం మధ్యలోనే, ముఖ్యంగా ఒకటో, మూడో కాంప్లెక్సుల దగ్గర, జారిపోయి ఆక్సిజన్‌తో కలిసి సూపరాక్సైడ్ అనే ఫ్రీ రాడికల్‌గా, అంటే పక్కవాటితో ఇట్టే చర్య జరిపే అణువుగా, మారతాయి. ఇవి కణాన్ని దెబ్బతీయడం వల్లే ముసలితనం వస్తుందని 1956లో అమెరికా శాస్త్రవేత్త డెన్హామ్ హార్మన్ ప్రతిపాదించాడు. 1972లో వేలు మైటోకాండ్రియా వైపు చూపించాడు. ఈ రాడికల్స్‌ను అణచేస్తాయని చెప్పే యాంటీ ఆక్సిడెంట్ మాత్రల వ్యాపారానికి ఊతం ఈ సిద్ధాంతమే.

కానీ కథ అక్కడ ఆగలేదు. ఫిన్లాండ్‌లో సుమారు 29,000 మంది పొగతాగే మగవాళ్ల మీద చేసిన అధ్యయనం 1994లో వెలువడింది. బీటా కెరోటిన్ అనే యాంటీ ఆక్సిడెంట్ తీసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది. నేకెడ్ మోల్ ర్యాట్ అనే ఎలుకలాంటి జంతువుకు చిన్న వయసులోనే ఈ రాడికల్స్ దెబ్బ ఎక్కువ, అయినా ముప్పై ఏళ్లు దాటి బతుకుతుంది. కొద్ది మోతాదులో ఇవి కణానికి సంకేతాలుగా కూడా పనికొస్తాయని ఇప్పుడు తెలుసు. అలాగని మైటోకాండ్రియా నిర్దోషి కాదు. పార్కిన్సన్స్ అనే వణుకుడు జబ్బు ఉన్నవాళ్ల మెదడులో ఒకటో కాంప్లెక్స్ బలహీనపడి కనిపిస్తుంది. ఇది ఇంకా తేలని ప్రశ్న, మీ అమ్మాయి పట్టుకున్నది సరిగ్గా దాన్నే. ఆ కోర్సులవాళ్లు 1956 నాటి మాటకు సర్టిఫికెట్ అంటించి అమ్ముతున్నారు. ఆ కాగితంతో క్లినిక్‌లో వైద్యం చేసే హక్కు రాదు. మహా అయితే ప్యాకేజీలు అమ్మే పని దొరుకుతుంది.

ఒక మాట కటువుగా చెప్తున్నాను, ఏమీ అనుకోకండి. రెండేళ్లు మీ కోరిక కోసం పుస్తకాలతో కుస్తీ పట్టిన పిల్ల, మొదటిసారి తనకేం కావాలో చెప్పింది. మీరేమో తెలిసినవాళ్లను అడిగొచ్చారు. ఆ తెలిసినవాళ్లు ఫీజు కడతారా?

సీటు రానంత మాత్రాన ఆమె తెలివి తక్కువది కాదు. మైటోకాండ్రియా తయారుచేసే, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థాన్ని 1929లో కనుగొన్నవాళ్లలో ఒకరు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన మెట్రిక్ గట్టెక్కింది మూడో ప్రయత్నంలో!

తిరుపతిలో ఐసర్ అనే కేంద్ర సైన్స్ విద్యాసంస్థలో, డిగ్రీ, పీజీ కలిపి ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ ఉంది. అది రాకపోతే మంచి కాలేజీలో బయోకెమిస్ట్రీతో బీఎస్సీ చాలు, ఎంఎస్సీ అయ్యాక పీహెచ్‌డీ వద్దనిపిస్తే డయాగ్నస్టిక్స్, ఫార్మా కంపెనీల వైపు వెళ్లొచ్చు. హైదరాబాద్‌లో కణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ అనే సంస్థలో ఏటా సెప్టెంబరు చివర్లో ఓపెన్ డే పెడుతుంటారు. తారీఖు కనుక్కుని అమ్మాయిని తీసుకెళ్లండి. మీరు బయట బండి దగ్గర ఉండిపోకుండా లోపలికి వెళ్లి, పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయిలను మీ ప్రశ్న మీరే అడగండి.