ఎన్నారై సందేహాలు: తుఫాను ఫుకుషిమా మీదుగా వెళ్తుందట, పాపని తీసుకుని ఇండియా వెళ్లిపోనా అక్కా?

ప్రశ్న: అక్కా, మేము టోక్యో వచ్చి నాలుగు నెలలైంది. నిషికసాయ్‌లో ఉంటున్నాం. పాపకి పది నెలలు. ఈ వారాంతంలో పెద్ద టైఫూన్ వస్తుందని, అది మన మీదుగా ఫుకుషిమా వైపు వెళ్తుందని టీవీ మ్యాపుల్లో చూపిస్తున్నారు. పాడైపోయిన ఆ అణు విద్యుత్ కేంద్రం మీద అంత గాలివాన పడితే ఏమవుతుందో అని రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. విజయవాడ నుంచి అమ్మ రోజుకి నాలుగుసార్లు ఫోన్ చేసి వచ్చెయ్యమంటోంది. మా ఆయనకి సెలవు దొరకదు. పాపతో ఒక్కదాన్నే వెళ్లిపోనా?

జవాబు: అమ్మాయీ, నీ ఉత్తరం చదువుతుంటే నాకు 2011 గుర్తొచ్చింది. అదే నిషికసాయ్, అంతే వయసు పాప, అవే ఫోన్లు. అప్పుడు అడగడానికి నాకు ఇక్కడ పెద్దదిక్కు ఎవరూ లేరు. అందుకని కాస్త పొడుగ్గానే చెప్తాను, ఓపిగ్గా చదువు. టికెట్‌కి ఇంకా డబ్బు కట్టలేదు కదా? ఇది చదవడం అయ్యేదాకా కట్టకు.

2011 మార్చి 11, శుక్రవారం. మధ్యాహ్నం 2:46కి భూకంపం వచ్చింది. మా ఆయన ఆఫీసు కాయబచోలో. రైళ్లన్నీ ఆగిపోతే నడుచుకుంటూ ఇంటికొచ్చేసరికి రాత్రయింది. మర్నాడు ఫుకుషిమాలో ఒకటో రియాక్టర్ భవనం పేలింది, 14న మూడోది, 15న నాలుగోది. ఇండియా నుంచి మా అత్తగారు, పిన్నులు, ఏళ్ల తరబడి పలకరించని బంధువులు కూడా ఫోన్లు. అయినా పది రోజులు గట్టిగానే నిలబడ్డాను. ఇక్కడి నుంచి ఆ కేంద్రం రెండు వందల కిలోమీటర్ల పైనే, ప్రభుత్వం ఖాళీ చేయించింది 20 కిలోమీటర్ల లోపలి వాళ్లని, అని నాకు నేనే చెప్పుకునేదాన్ని.

23న నీళ్ల వార్త వచ్చింది. మన ఎడొగావా వార్డుకి నీళ్లిచ్చే కనమాచి శుద్ధి కేంద్రంలో రేడియోధార్మిక అయోడిన్ కిలో నీటికి 210 బెకరెల్స్ (రేడియోధార్మికతని కొలిచే యూనిట్) ఉందన్నారు. పెద్దవాళ్లకి పరిమితి 300, పసిపిల్లలకి 100. ఆ వార్త చదివేటప్పుడు నా చేతిలో పాల సీసా ఉంది. కుళాయి నీళ్లు మరగబెట్టి, చల్లార్చి, ఆరు చెంచాల పొడి వేసి ఊపుతున్నాను. సీసా సింకులో వంపేశాను. కానీ పొద్దున్నుంచి పాప అప్పటికే రెండు సీసాలు తాగేసింది. ఆ రెండు సీసాలే నన్ను విమానం ఎక్కించాయి.

అంతకుముందు ఇంకో పొరపాటు కూడా చేయబోయాను. రేడియేషన్‌కి విరుగుడుగా అయోడిన్ మంచిదని ఎవరో అంటే, మందుల షాపులో గొంతు పుక్కిలించే అయోడిన్ మందు కొనుక్కొచ్చి బల్ల మీద పెట్టుకున్నాను. పక్కింటి ముసలావిడ అది చూసి రెండు చేతులూ అడ్డంగా ఊపి "నోమనై, నోమనై" అంది, తాగకూడదని. అది తాగితే హానే తప్ప మేలు లేదని ఇక్కడి నిపుణులు అప్పటికే టీవీలో చెప్తున్నారు, నాకు భాష రాక తెలియలేదు. ఇప్పుడు నువ్వూ అయోడిన్ మాత్రల కోసం వెతుకుతున్నావేమో. అవసరం లేదు. అప్పుడు నీళ్లలో కనిపించిన రేడియోధార్మిక అయోడిన్ ఎనిమిది రోజులకి సగమైపోయే రకం, 2011లో వెలువడినది ఎప్పుడో లేకుండా పోయింది.

23 రాత్రే టికెట్ కొన్నాం. నాకూ పాపకీ కలిపి ఒకవైపుకే 2,10,000 యెన్లు, మామూలు ధరకి మూడింతలు. మర్నాడే కొలత పరిమితి లోపలికి వచ్చిందని, పిల్లలకి కుళాయి నీళ్లు ఇవ్వొచ్చని ప్రకటించారు. ఒక్కరోజు ఆగి ఉంటే ఆ డబ్బు మిగిలేది. పైగా ఆ టికెట్‌కి మా దగ్గర డబ్బు కూడా లేదు. జీతం పడగానే నాలుగు వేలో అయిదు వేలో ఉంచుకుని మిగతాదంతా విజయవాడలో స్థలం కంతులకి పంపేసేవాళ్లం. మా ఆయన స్నేహితుడి దగ్గర అప్పు చేశాం. మా బ్యాంకు ఏటీఎంలు కూడా ఆ నెలలోనే మొరాయించాయి, చేతిలో నోటు లేక రెండు రోజులు ఇబ్బంది పడ్డాం.

అసలు దెబ్బ విమానాశ్రయంలో తగిలింది. అప్పట్లో జపాన్ వదిలి వెళ్లి మళ్లీ రావాలంటే ముందే రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకోవాలి. నా పాస్‌పోర్టులో ఉంది. పాప ఇక్కడే పుట్టింది, పాప పాస్‌పోర్టులో వేయించాలన్న ఆలోచనే రాలేదు. కౌంటర్‌లో అధికారి ఏదో రెండుసార్లు అడిగాడు. వెనకాల పెద్ద క్యూ, చంకలో ఏడుస్తున్న పిల్ల. నేను "హై, హై" అని తలూపి వెళ్లిపోయాను. దాంతో పాప వీసా రద్దయింది. మళ్లీ మొదటి నుంచి కాగితాలు పెట్టుకుని, ఆగస్టులో గానీ తిరిగి రాలేకపోయాం. ఈలోగా ఏప్రిల్ నుంచి పాపకి వచ్చిన హొయికుఎన్ (పగలు పిల్లల్ని చూసుకునే కేంద్రం) సీటు పోయింది. సీటు పోయింది కాబట్టి నేను చేరాల్సిన ఉద్యోగమూ పోయింది. నెలకి 1,80,000 యెన్ల ఉద్యోగం, ఏడాది పాటు లేదు.

అవన్నీ నీలం అట్ట నోటుబుక్కులో రాసి పెట్టాను. టికెట్టు, అప్పు, కాగితాల ఖర్చు, రాని జీతం, వరసగా. కింద మొత్తం వేసి రెండు గీతలు కొట్టాను. ఇప్పటికీ బీరువాలో ఉంది. ఇక్కడికి కొత్తగా వచ్చిన వాళ్లెవరు అడిగినా ఆ పేజీ చూపిస్తాను. మా ఇంటికి రా, నీకూ చూపిస్తా. ఆ అప్పంతా మేము మరుసటి ఏడాది డిసెంబరుకల్లా తీర్చేశాం, ఇండియాలో ఎవర్నీ రూపాయి అడగకుండా. అది మాత్రం గర్వంగానే చెప్పుకుంటాను.

ఇప్పుడు నీ తుఫాను సంగతి. నేను వచ్చిన నెలకే, 2011 సెప్టెంబరు 21న, 15వ నంబరు టైఫూన్ వచ్చింది. ఇక్కడ టైఫూన్లని పేరుతో కాదు, నంబరుతో పిలుస్తారని ఈపాటికి చూసే ఉంటావు. హమామత్సు దగ్గర తీరం దాటి, టోక్యో మీదుగా ఆ రాత్రికి ఫుకుషిమా వైపు వెళ్లింది. అప్పటి భయం ఉత్తుత్తి భయం కాదు. పైకప్పులు ఎగిరిపోయిన రియాక్టర్ భవనాలు తెరిచే ఉన్నాయి. ఒకటో భవనానికి కవరు అప్పుడే కడుతున్నారు. అంతకు నాలుగు నెలల ముందు మేలో ఇంకో టైఫూన్ వస్తున్నప్పుడైతే, గాలివానకి మా ఏర్పాట్లు పూర్తి కాలేదని ఆ కేంద్రాన్ని నడిపే కంపెనీయే క్షమాపణ చెప్పింది.

ఆ సాయంత్రం కిటికీలు, వంటింటి ఎగ్జాస్టు కన్నం అన్నీ ప్యాకింగు టేపుతో మూసేశాను. బాత్‌టబ్ నిండా నీళ్లు పట్టాను. రెండు లీటర్ల బాటిళ్లు నలభై, ఎక్కువ ధర పెట్టి తెప్పించాను. అది చాలక ఫోన్‌లో మళ్లీ హైదరాబాద్ టికెట్ బుక్ చేశాను, డబ్బు వెనక్కి రాని రకం, 90,000 యెన్లు. రాత్రంతా గాలి హోరు. పొద్దున లేచేసరికి ఆకాశం కడిగినట్టు నీలంగా ఉంది. వార్తల్లో, అణుకేంద్రంలో నిఘా కెమెరాకి దెబ్బ తగలడం తప్ప పెద్ద నష్టం లేదన్నారు. నోటుబుక్కులో ఇంకో వరస చేరింది.

ఆ రోజు నాన్నకి ఫోన్ చేశాను. మాది అవనిగడ్డ దగ్గర పల్లె. 1977 నవంబరు 19 ఉప్పెన నాన్న కళ్లారా చూశాడు. ఆయన అడిగింది ఒకటే: "గాలి సంగతి సరే, అక్కడ నీళ్లు ఎటు పోతాయి? చూసుకున్నావా?" దివిసీమలో మనుషుల్ని తీసుకుపోయింది గాలి కాదు, నీళ్లు. ఆ మాట పట్టుకునే నేను ఫుకుషిమా గురించి చదవడం మొదలుపెట్టాను.

అక్కడా సమస్య నీళ్లే. కొండల వైపు నుంచి భూమిలోపల నీళ్లు సముద్రం వైపు వస్తూ రియాక్టర్ భవనాల నేలమాళిగల్లోకి చొరబడతాయి. పగిలిన కప్పుల్లోంచి వాన కారుతుంది. అవన్నీ లోపలి విషపు నీళ్లతో కలుస్తాయి. అందుకే పెద్ద వాన పడితే వాళ్లకి పని పెరుగుతుంది. 2013 సెప్టెంబరులో 18వ నంబరు టైఫూన్ వచ్చినప్పుడు, కలుషిత నీళ్లు నిలవ చేసే ట్యాంకుల చుట్టూ కట్టిన గట్ల లోపల వాననీళ్లు నిండిపోయి, కొలత పరిమితిలోనే ఉందని చెప్పి 1,130 టన్నులు బయటికి వదిలేశారు. చదివినప్పుడు నాకూ మనసు కుదుటపడలేదు. కానీ ఆ తర్వాత చాలా మారింది. నాలుగో భవనం పైన, అణు ఇంధనాన్ని నీళ్లలో ముంచి ఉంచే కొలనులో ఉన్న ఇంధనం మొత్తం 2014 డిసెంబరుకల్లా కిందికి దింపేశారు. అందరూ ఎక్కువ భయపడింది దానికే. మూడో భవనంలోది 2021లో అయిపోయింది. 2016 నుంచి భవనాల చుట్టూ భూమిని గడ్డకట్టించి, ఒకటిన్నర కిలోమీటరు పొడవు, ముప్ఫై మీటర్ల లోతు మంచు గోడ నిలబెట్టారు. ఒకప్పుడు రోజుకి అయిదు వందల టన్నుల పైన పుట్టే కలుషిత నీరు ఇప్పుడు వంద లోపుకి వచ్చింది. కరిగిన ఇంధనం వేడి కూడా 2011తో పోలిస్తే బాగా చల్లబడింది. పని ఇంకా దశాబ్దాలుంది, ప్రమాదం సున్నా అని నేను చెప్పను. ఒక తుఫాను దాటగానే టోక్యోలో పిల్లలకి పాలు కలపలేని పరిస్థితి వస్తుందని మాత్రం నేను అనుకోవడం లేదు.

నువ్వు చూడాల్సిన నీళ్లు వేరే ఉన్నాయి. వార్డు ఆఫీసు వాళ్లు ఇచ్చిన ముంపు మ్యాపు మీ ఇంట్లో ఎక్కడో పడి ఉంటుంది, తీసి చూడు. ఎడొగావా వార్డులో చాలా భాగం సముద్ర మట్టం కంటే పల్లం. 2019లో అచ్చేసిన ఆ మ్యాపు అట్ట మీద, ఇక్కడ ఉండకూడదు అని వాళ్లే రాశారు. అదే ఏడాది అక్టోబరు 12న 19వ నంబరు టైఫూన్ వచ్చింది. దేశం మొత్తం మీద వంద మందికి పైగా పోయారు. ఫుకుషిమాలో తమురా ఊరి నుంచి రేడియేషన్ శుభ్రం చేసే పనుల్లో పోగైన చెత్త సంచులు కొన్ని ఏట్లో కొట్టుకుపోయాయి. ఆ వార్తకి ఇండియా నుంచి మళ్లీ ఫోన్లు. మేము మాత్రం ఆ రాత్రి అరకావా నది నీటిమట్టం చూసుకుంటూ కూర్చున్నాం. ఏడో అంతస్తు కాబట్టి ఇంట్లోనే ఉన్నాం. కింది అంతస్తులో ఉన్న ఒక తెలుగు కుటుంబాన్ని పైకి పిలిచి పడుకోబెట్టాం. మీది ఎన్నో అంతస్తో నువ్వు రాయలేదు. ఒకటో రెండో అయితే శుక్రవారమే పైన ఎవరింట్లో ఉండాలో మాట్లాడి పెట్టుకో. మొహమాటపడకు, మా ఇంటికి రావచ్చు.

ఇక అసలు విషయం, డబ్బు. నాలుగు నెలలైంది కదా, జీతం ఎంత ఇంటికి పంపుతున్నారు? హైదరాబాద్ ఫ్లాటు ఈఎంఐ మొదలుపెట్టేశారా? మీ వయసు వాళ్లకి ఇది చెప్తే కోపం వస్తుంది, అయినా చెప్తాను. మూడు నెలల అద్దె, తిండి, ఒకసారి రానుపోను టికెట్లు, ఇంత డబ్బు ఇక్కడి ఖాతాలో నిలవయ్యేదాకా స్థలాలూ ఫ్లాట్లూ వద్దు. దానికి తోడు ఇంట్లో కవరులో 50,000 యెన్లు, వెయ్యి నోట్లు ఎక్కువగా ఉండేట్టు పెట్టుకో. 2018 సెప్టెంబరులో హొక్కైడో మొత్తం కరెంటు పోయినప్పుడు కార్డులు పని చేయక జనం నోట్ల కోసం అల్లాడారు. డబ్బుంటే భయం వేసినా ఒక రోజు ఆగగలవు. నా దగ్గర లేకే నేను ఆగలేకపోయాను, అప్పు చేసి తెచ్చిన డబ్బు కాబట్టి వెంటనే వాడెయ్యాలనిపించింది. నీకు మరీ నిద్ర పట్టకపోతే గురువారమే పాపని తీసుకుని షింకాన్‌సెన్ బుల్లెట్ రైల్లో ఒసాకా వైపు వెళ్లి మూడు రాత్రులు ఉండిరా. టికెట్ ఒకవైపుకి సుమారు 14,000 యెన్లు. కాకపోతే టైఫూన్ దారి చూసుకుని వెళ్లు, అది అటు కూడా తిరగొచ్చు. రైళ్లు ముందే ఆపేస్తారు కాబట్టి ఆలస్యం చేస్తే కుదరదు.

ఎప్పుడైనా ఇండియా వెళ్లాల్సి వస్తే, 2012 జూలై నుంచి రూలు మారింది. ఏడాదిలోపు తిరిగి వచ్చేట్టయితే విడిగా పర్మిట్ అక్కర్లేదు, విమానాశ్రయంలో నింపే రీ-ఎంట్రీ కార్డు మీద, తిరిగి వస్తానని చెప్పే గడి దగ్గర టిక్ పెట్టాలి. పాప కార్డు మీద కూడా, విడిగా. మిగతా వివరాలు ఇమిగ్రేషన్ సైటులో ఉంటాయి. రేడియేషన్ కొలతలు కూడా ప్రభుత్వం సైటులో ఎప్పటికప్పుడు పెడుతుంది, చూసుకో.

శుక్రవారం సాయంత్రంలోపు బాల్కనీలో బట్టలారేసే కర్ర తీసి లోపల పడుకోబెట్టు. 2019లో మా పక్క భవనంలో ఒకటి ఎగిరి కింద కారు అద్దంలో దిగింది. పూలకుండీలు, చెప్పుల స్టాండు కూడా లోపలికి. పాపకి రెండు రోజుల పాలకి సరిపడా నీళ్లు, డైపర్లు, ఫోన్ల ఛార్జర్లు ఒకచోట పెట్టు. కుళాయి నీళ్లు ముందే బాటిళ్లలో పట్టుకుంటే చాలు, దుకాణంలో కొనక్కర్లేదు. మీ అమ్మగారికి మాత్రం తుఫాను ముందు ఒకసారి, దాటాక ఒకసారి చేస్తానని ఇప్పుడే చెప్పు, మధ్యలో ఫోన్ ఛార్జింగ్ పోకుండా చూసుకో. ఆదివారం పొద్దున వీడియో కాల్ చేసి, కిటికీ తీసి ఆ ఆకాశం చూపించు. నాకు కూడా ఒక మెసేజ్ పెట్టు.