డ్యామ్ నిండిందా, రిజర్వాయర్ నిండిందా?

ప్రశ్న: డ్యామ్, రిజర్వాయర్ ఒకటేనా సార్? ‘సాగర్ డ్యామ్ నిండింది’ అని ఇంగ్లిషులో రాస్తే తప్పా?
– డిగ్రీ విద్యార్థిని, మిర్యాలగూడ

జవాబు: ఒకటి కాదమ్మా. నదికి అడ్డంగా కట్టిన గోడ డ్యామ్. దాని వెనక నిలిచిన నీళ్లు రిజర్వాయర్. సాగర్‌లో 26 క్రస్ట్ గేట్లున్నది డ్యామ్‌కి. నాగార్జునకొండకు లాంచీ పోయేది రిజర్వాయర్ మీద. మాటల్లో ‘డ్యామ్ నిండింది’ అంటే నేను తప్పు పట్టను. ఆస్ట్రేలియాలో నిలవ నీటిని కూడా డ్యామ్ అనే అంటారు. పరీక్షలో మాత్రం రిజర్వాయర్ నిండిందనే రాయి.

ఇంతకంటే నన్ను బాధపెట్టేది లెవెల్, డెప్త్ సంగతి. పేపర్లో ‘సాగర్ 590 అడుగులు’ అని చూసి, నీళ్లు అంత లోతున్నాయనుకుంటారు మన పిల్లలు. 590 అనేది సముద్రమట్టం నుంచి లెక్కేసిన లెవెల్. పునాది నుంచి కొలిచినా డ్యామ్ ఎత్తు 124 మీటర్లు, అంటే సుమారు 407 అడుగులే. గోడ ఎత్తును మించి నీళ్లెలా నిలుస్తాయి చెప్పు!

బ్యారేజీ వేరు. విజయవాడ ప్రకాశం బ్యారేజీలా నీటిమట్టాన్ని కాస్త పెంచి కాలువలకు మళ్లించడమే దాని ముఖ్యమైన పని, నిలవ తక్కువ.