మీ ప్రశ్న, మా జవాబు: రోమ్ మీదికి రోమన్ సైన్యం

ప్రశ్న: సీజర్ రూబికాన్ నది దాటడంతోనే రోమన్ల అంతర్యుద్ధాలు మొదలయ్యాయని మా అబ్బాయి వాదిస్తున్నాడు. అంతకు ముందు ఏ సేనానీ సొంత నగరం మీదికి సైన్యాన్ని నడపలేదా? సైనికులైనా ఎలా ఒప్పుకున్నారు? (ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: కాలేజీలో చరిత్ర చెప్పినన్నాళ్లూ నన్ను విసిగించిన అపోహ ఇదేనమ్మా. సీజర్ రూబికాన్ దాటింది క్రీ.పూ. 49లో. అప్పటికి ముప్పై తొమ్మిదేళ్ల కిందటే సుల్లా అనే సేనాని సొంత నగరం మీదికి సైన్యాన్ని నడిపేశాడు. పేరు మాత్రం సీజర్‌కు దక్కింది.

క్రీ.పూ. 88లో సుల్లా కాన్సుల్, అంటే ఏడాదికి ఇద్దరు చొప్పున ఎన్నికయ్యే అత్యున్నత పాలకుల్లో ఒకడు. నల్ల సముద్రం ఒడ్డునున్న పోంటస్ రాజ్యపు రాజు మిత్రిడేటిస్ మీద యుద్ధానికి అతనే సేనాధిపతి. తూర్పు దేశాల్లో యుద్ధమంటే కీర్తితో పాటు కొల్లసొమ్ము కూడా. అప్పటికే ఆరుసార్లు కాన్సుల్‌గా చేసిన ముసలి సేనాని మారియస్‌కు ఆ సేనాధిపత్యం మీద ఆశ పుట్టింది. సల్పీషియస్ అనే ట్రిబ్యూన్ (సామాన్య ప్రజల ప్రతినిధి) ప్రజాసభలో చట్టం చేయించి, దాన్ని మారియస్‌కు ఇప్పించాడు. సుల్లా తిన్నగా రోమ్‌కు దక్షిణాన నోలా పట్టణం దగ్గరున్న తన సేన వద్దకు వెళ్లి జరిగింది చెప్పాడు. మారియస్ వస్తే తమను వదిలేసి వేరేవాళ్లను తూర్పుకు తీసుకుపోతాడేమోనని సైనికులకు భయం పట్టుకుంది. సైన్యాన్ని స్వాధీనం చేసుకోవడానికి వచ్చిన అధికారులను రాళ్లతో కొట్టి చంపారు. ఆరు లీజియన్లు, అంటే వేలమంది సైనికులుండే ఆరు పెద్ద దళాలు, రోమ్ దారి పట్టాయి.

ఇక్కడ నేను విద్యార్థులను కాసేపు ఆపేవాణ్ని. సుల్లా కింద ఉన్న పెద్ద అధికారుల్లో ఒక్క క్వెస్టర్ (డబ్బు లెక్కలు చూసే అధికారి) తప్ప అందరూ అతన్ని వదిలి వెళ్లిపోయారని ప్రాచీన చరిత్రకారుడు అప్పియన్ రాశాడు. సైనికులు మాత్రం వదల్లేదు. ఆ అధికారులు రోమ్‌లో ఇళ్లూ పొలాలూ ఉన్న కుటుంబాలవాళ్లు. సైనికుల్లో చాలామందికి సెంటు భూమి లేదు. క్రీ.పూ. 107లో ఆస్తి లేనివాళ్లకు సైన్యం తలుపు బార్లా తెరిచింది ఎవరనుకున్నారు? మారియసే! కొలువు ముగిశాక భూమి ఇచ్చే స్థిరమైన ఏర్పాటు రాజ్యానికి లేదు. ఇప్పిస్తే సేనాని ఇప్పించాలి. అలాంటివాడికి సెనేట్ ఎక్కడో దూరాన ఉన్న మాట, సేనాని కళ్లెదుట ఉన్న మనిషి. మీ అబ్బాయి సీజర్ ధైర్యం గురించి ఎంత చెప్పినా, నా లెక్కలో అసలు కారణం ఈ భూమి లేనితనమే.

నగరంలో జనం ఇళ్ల కప్పులెక్కి పెంకులూ రాళ్లూ విసిరారు. ఇళ్లు తగలబెడతానని సుల్లా బెదిరించాకే ఆగారు. సల్పీషియస్‌ను అతని బానిసే పట్టిచ్చాడు. సుల్లా ఆ బానిసకు బహుమతిగా స్వేచ్ఛ ఇచ్చి, యజమానికి ద్రోహం చేసినందుకు ద్రోహుల్ని తోసి చంపే టార్పియన్ కొండ మీది నుంచి తోయించాడు. చట్టమంటే అతనికి అంత పట్టింపు మరి!

ప్రశ్న: సుల్లా శత్రువుల జాబితాలు గోడలకెక్కించాడంటారు. అందులో రాజకీయ నాయకులేనా? (ఒక పాఠకుడు, నిజామాబాద్)

జవాబు: కారండీ. క్రీ.పూ. 82 నవంబరులో రోమ్ నగరపు కొలీన్ ద్వారం దగ్గర మారియస్ పక్షం మీద గెలిచాక ఆ పేర్లు బహిరంగంగా ప్రకటించాడు. పేరున్నవాణ్ని చంపితే రెండు టాలెంట్ల బహుమతి (టాలెంట్ అంటే పెద్ద మొత్తం వెండి). చచ్చినవాడి ఆస్తి వేలానికి. దాచినవాడికీ మరణమే. కొడుకులకూ మనవలకూ హక్కులు పోయాయి. ఇంత డబ్బు తిరిగే చోట నాయకులతో ఆగుతుందా? క్వింటస్ ఆరేలియస్ అనే రాజకీయాల జోలికి పోని మనిషి నగరం నడిబొడ్డునున్న ఫోరమ్ అనే కూడలికి వచ్చి జాబితా చదువుకున్నాడు. తన పేరు కనబడింది. "అయ్యో, ఆల్బాలోని నా ఎస్టేటే నన్ను వెంటాడుతోంది" అన్నాడట. కొద్ది దూరం నడిచాడో లేదో, వెనకే వచ్చినవాడు నరికేశాడు.

ప్రశ్న: ఇంత చేసిన సుల్లాకు శిక్ష పడలేదా? (అదే పాఠకుడు)

జవాబు: పడలేదు. ఆ గెలుపు తర్వాత చేపట్టిన నియంత పదవిని తనంతట తానే వదులుకుని, రోమ్‌కు దక్షిణాన కంపానియా ప్రాంతంలోని ఇంట్లో ఉంటూ క్రీ.పూ. 78లో జబ్బుతో పోయాడు. రాజ్య లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. చావుకు రెండు రోజుల ముందు దాకా ఆత్మకథ రాస్తూనే ఉన్నాడు, అప్పటికి ఇరవై రెండో భాగం. అది మనకు మిగల్లేదు. కానీ సుల్లా జీవితచరిత్ర రాసిన ప్రాచీన రచయిత ప్లుటార్క్ దాన్ని వాడుకున్నాడు. కాబట్టి సుల్లా అదృష్టం గురించీ శుభశకునాల గురించీ ప్లుటార్క్‌లో చదివేటప్పుడు, అందులో ఎంత భాగం సుల్లా సొంత మాటో చూసుకుంటూ చదవండి.