తామర్ అంటే ఖర్జూర చెట్టు

ప్రశ్న: అక్కా, మేముండేది చిత్తూరు, మా పుట్టిల్లు తిరుచానూరు. మాది ప్రేమ పెళ్ళి, ఆయనవాళ్ళు క్రైస్తవులు. పాప పుట్టి మూడు నెలలైంది. ఆయన ‘తామర్’ అనే పేరు మీద మనసు పడ్డారు, హీబ్రూ పేరట, ఇజ్రాయెల్లో చాలామంది పెట్టుకుంటున్నారట. మా అవ్వ వినీ వినగానే ‘ఏం పేరే అది, గజ్జి తామరా? బడిలో పిల్లోళ్ళు ఊరుకుంటారా?’ అనింది. మా అత్త ఇంకోటి చెప్తోంది, బైబిల్లో ఆ పేరున్న ఆడవాళ్ళు ఏడుపులే చూశారు, ఆ పేరు మనకొద్దు అని. నాకు పేరు వినడానికి బాగుంది కానీ ఇవన్నీ విన్నాక టెన్షన్ పట్టుకుంది. దాని అర్థం ఏంటి, పెట్టొచ్చా?
ఒక తల్లి, చిత్తూరు

జవాబు: చెల్లీ, తామర్ అంటే హీబ్రూలో ఖర్జూర చెట్టు. పండుకూ అదే మాట. మన తామరకూ దానికీ చుట్టరికం లేదు. మన తామర దక్షిణాది మాట, మీ చిత్తూరులో తమిళం మాట్లాడే ఇళ్ళల్లో తామరై అంటారే, అదీ ఇదీ ఒకటి. హీబ్రూ తామర్ చుట్టాలు అరబ్బీలో ఉన్నారు. అరబ్బీలో ఖర్జూరాన్ని తమ్ర్ అంటారు, మన చింతపండుకు వాళ్ళు పెట్టుకున్న పేరు ‘తమ్ర్ హిందీ’, అంటే ఇండియా ఖర్జూరం అని. ఇంగ్లీషువాళ్ళ టామరిండ్ అందులోంచే వచ్చింది. రోజూ రసంలోకి నువ్వు పిసికే చింతపండు పేరులో నీ కూతురి పేరు ఎప్పటినుంచో ఉందన్నమాట. అవ్వకు ముందు ఈ సంగతి చెప్పు, చింతపండు లేని వంట ఆమెకు తెలీదు కదా.

ఆ చెట్టు ఎట్లుంటుందో ఆమెకు చూపించడానికీ ఎక్కడికో పోనక్కర్లేదు. మన వంకల పక్కన, చెరువు కట్టల మీద ఉండే ఈత చెట్టు, ఖర్జూర చెట్టు ఒకే జాతివి, అక్కాచెల్లెళ్ళనుకో. చిన్నప్పుడు మా అమ్మమ్మ ఊళ్ళో ఈత గెల కోసుకొచ్చి, ఉప్పునీళ్ళు చల్లి, గోనెసంచి కప్పి పెట్టేవాళ్ళం. రెండు మూడు రోజులకు పసుపుపచ్చ కాయలు ఒక్కొక్కటే ఎర్రగా, నల్లగా మారేవి, నోట్లో వేసుకుంటే అంతా గింజే, దాని మీద తోలు మందాన తీపి. ఆ కాస్త తీపి ఖర్జూరంలో దండిగా ఉంటుంది, తేడా అంతే. ఖర్జూరంలో ఆడచెట్టు వేరు, మగచెట్టు వేరు, గెల వేసేది ఆడచెట్టే. ఎండలు మండే నేలలో నిటారుగా పెరిగి కాయలిచ్చే చెట్టు కాబట్టే బైబిల్లో 92వ కీర్తనలో నీతిమంతుల్ని దానితో పోల్చారు. ఆడపిల్ల పేరుకు ఇంతకన్నా మంచి అర్థం ఏం కావాలి?

ఇంక మీ అత్తగారి మాట. ఆమె చెప్పింది అబద్ధం కాదు, అందుకే దీన్ని తేలిగ్గా తీసెయ్యను. బైబిల్లో ఈ పేరుతో ముగ్గురున్నారు. మొదటామె యూదా అనే ఆయన కోడలు. ఆయన ఇద్దరు కొడుకుల్ని వరసగా పెళ్ళి చేసుకుని ఇద్దరూ పోతే, మూడోవాడు పెద్దయ్యాక నీకే ఇస్తానని చెప్పి మామ ఆమెను పుట్టింటికి పంపేస్తాడు, ఆ మాట నిలబెట్టుకోడు. ఆమె ముసుగు వేసుకుని దారిలో కూర్చుని, తనెవరో పోల్చుకోలేని ఆ మామ నుంచే ముద్ర, దారం, చేతికర్ర కుదువ పెట్టించుకుంటుంది. తర్వాత గర్భవతి అని తెలిసి, తప్పు చేసిందని యూదా కాల్చమన్నప్పుడు, ఈ బిడ్డ ఈ వస్తువులు ఎవరివో వాళ్ళదే అని ఆ మూడూ ముందు పెడుతుంది. ఆమె నాకన్నా నీతిమంతురాలు అని యూదా నలుగురిలో ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆమెకు పుట్టిన కవలల్లో ఒకడి వంశంలోనే దావీదు రాజు పుట్టాడు, మత్తయి సువార్త మొదటి అధ్యాయంలో ఏసు వంశావళిలో ఆమె పేరు ఉంది. ఇది ఓడిపోయినామె కథ కాదు.

రెండో తామర్ దావీదు కూతురు. సవతి అన్న అమ్నోను ఆమెను పాడు చేస్తాడు. వద్దని, ఇది ఇశ్రాయేలులో జరగాల్సిన పని కాదని ఆమె చెప్పినా వినడు. బైబిల్లో చదవడానికి చాలా కష్టమైన అధ్యాయం అది, చదివిన ప్రతిసారీ నాకు కడుపులో దేవేస్తుంది. కానీ మీ అత్తగారిని ఇంకొంచెం ముందుకు చదవమను. ఆమె తోడబుట్టిన అన్న అబ్షాలోముకు తర్వాత ఒక కూతురు పుడితే, ఆ పిల్లకు తామర్ అని పెట్టుకున్నాడు. మూడో తామర్ ఆ పిల్ల. మేనత్త పేరు మేనకోడలికి పెట్టుకోవడం మనకూ ఉన్నదే కదా. ఆ పేరు అపశకునం అనుకుని ఉంటే చెల్లెలి కన్నీళ్ళు చూసిన ఆ అన్న దాన్ని కన్నకూతురికి పెడతాడా? తప్పు చేసినవాడిది, ఆమెది కాదు. కాబట్టి అమ్నోను అనే పేరు వద్దంటే నాకు అర్థమవుతుంది, తామర్ వద్దనడం నాకు నచ్చలేదు.

మీ ఆయన చెప్పింది నిజమే. ఇజ్రాయెల్లో చాలా ఏళ్ళు నోయా అనే పేరు ముందుండేది (తండ్రి ఆస్తిలో మాకూ వాటా కావాలని మోషేను అడిగిన ఐదుగురు అక్కాచెల్లెళ్ళలో ఒకామె పేరు అది), 2010ల చివర కొన్నేళ్ళు యూదుల ఇళ్ళల్లో పుట్టిన ఆడపిల్లల పేర్లలో తామర్ మొదటి స్థానంలో నిలిచింది. జార్జియా దేశంలోనూ బాగా వినిపిస్తుంది, 1184 నుంచి 1213 వరకు ఆ దేశాన్ని ఏలిన రాణి పేరు తామర్. రష్యాలో తమారా అవుతుంది. మన దగ్గర మాత్రం మరియమ్మ, సారమ్మ, రూతమ్మ, ఎస్తేరు ఉన్నంతగా ఈ పేరు లేదు. అవన్నీ కూడా బైబిల్ నుంచి వచ్చినవే, చివర అమ్మ చేర్చి మన నోటికి తగ్గట్టు తిప్పుకున్నాం, ఇప్పుడవి పరాయి పేర్లని ఎవరికీ అనిపించదు.

మిగిలింది అవ్వ భయం. బస్టాండు గోడల మీద గజ్జి, తామర మందుల ప్రకటనలు చూసి పెరిగే పిల్లలు ఒకరోజు అంటే అనొచ్చు. దానికి దారి తెలుగు బైబిల్లోనే ఉంది, అందులో ఈ పేరు ‘తామారు’. ‘మా’ అని దీర్ఘం పడగానే తామర వినిపించదు. తెలుగులో అలాగే రాయించు. ఇంగ్లీషులో టి, ఏ, ఎం, ఏ, ఆర్ చాలు, టీచర్లు మొదట టామర్ అని పిలుస్తారు, ఒకసారి సరిచేస్తే సరిపోతుంది. ఇజ్రాయెల్లో ముద్దుగా తామి అంటారు, మన పాత తెలుగులో తమ్మి అంటే తామర పువ్వు. మాటల మధ్య చుట్టరికం లేదని పైన చెప్పాను, కానీ పిలుపులో కలిస్తే వద్దనేదేముంది? పద్మ సరోవరంలో బంగారు తామరలో అమ్మవారు పుట్టిందని చెప్పుకునే తిరుచానూరు మీది, మీ అవ్వ తమ్మీ అని పిలుచుకోవచ్చు, మీ అత్తగారు తామారు అని పిలుచుకోవచ్చు.

తొందరేం లేదు. పేరు లేకుండా పుట్టుక నమోదై ఉంటే 12 నెలల్లోపు రుసుము లేకుండా చేర్పించొచ్చు, తర్వాత రుసుము కట్టి 15 ఏళ్ళ దాకా అవకాశం ఉంది. సర్టిఫికెట్ చేతికొచ్చాక అక్కడే నిలబడి స్పెల్లింగ్ ఒక్కో అక్షరం చూసుకో. మా మేనకోడలిది ఒక్క అక్షరం తప్పు పడితే, దాన్ని దిద్దించుకోవడానికి ఆఫీసు చుట్టూ ఆరు నెలలు తిరిగాం.

ప్రశ్న: మేడం, మా పాప పేరు హన్నా, ఏడేళ్ళు. క్లాసులో అందరూ ‘అన్నా, అన్నా’ అని పిలుస్తున్నారని ఏడుస్తోంది. పేరు మార్చమంటారా?
ఒక తండ్రి, తిరుపతి

జవాబు: మార్చకండి. హనుమంతుణ్ణి అనుమంతు అనే నోళ్ళు మనవి, పిల్లల్ని ఏమనగలం? క్లాస్ టీచర్‌తో మాట్లాడండి, ఆవిడ రోజూ హ స్పష్టంగా పలుకుతూ పిలిస్తే మిగతావాళ్ళకూ అదే అలవాటవుతుంది. హన్నా అంటే దయ, కృప. సమూయేలు ప్రవక్త తల్లి ఆమె, పిల్లల్లేక దేవుడి ముందు పెదాలు కదుపుతూ ఏడుస్తుంటే తాగి వచ్చిందనుకున్నాడు అక్కడి యాజకుడు. అన్నా, ఆన్ అనే పేర్లు, మన ఊళ్ళల్లో అన్నమ్మ, ఇవన్నీ ఇందులోంచి వచ్చినవే. అమెరికాలో 1998 నుంచి 2000 దాకా ఆడపిల్లల పేర్లలో ఇది రెండో స్థానంలో ఉంది.

మీ పాపకు ఇంకొకటి చెప్పండి. తవ్వకాల్లో దొరికిన దాదాపు 2000 ఏళ్ళ నాటి ఖర్జూర గింజల్ని ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు నాటితే కొన్ని మొలిచాయి. వాటిలో ఒక ఆడచెట్టుకు వాళ్ళు పెట్టుకున్న పేరు హన్నా. 2020లో అది నూటికి పైగా పండ్లు ఇచ్చింది.