కోనసీమలో సంతృప్తి ఎంతని అడిగితే అందరూ తొమ్మిదే చెబుతారు

"ప్రజల సంతోషాన్ని, జీవిత సంతృప్తిని సర్వేల్లో కొలిచి, దాన్ని బట్టి ప్రభుత్వాలు పథకాలు వేయొచ్చా?" అని అడిగారు. వేయొచ్చు. కాకపోతే మా వైపు వచ్చి కొలిస్తే మాత్రం లెక్క తప్పడం ఖాయం. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. గుమ్మంలోకి వచ్చిన మనిషికి మా వాళ్లు ముందు మంచినీళ్లిస్తారు, కష్టాలు చెప్పరు.

ఆ మధ్య ట్యాబ్ పట్టుకుని ఒక అమ్మాయి మా మేనత్త ఇంటికి వచ్చింది. నేను అరుగు మీదే ఉన్నాను. పింఛను వస్తోందా, రేషన్ కార్డు ఉందా, గ్యాస్ ఉందా అని వరసపెట్టి అడిగి, ఆఖర్న "మామ్మగారండీ, మీ జీవితంతో ఎంత సంతృప్తిగా ఉన్నారు? సున్నా నుంచి పదిలోపు అంకె చెప్పండి" అంది. అత్తయ్య ఆ పిల్ల మొహంలోకి చూసింది. ఎండనపడి వచ్చి చెమటలు కారిపోతోంది పాపం. "తొమ్మిదేసుకోమ్మా. పదంటే బాగోదు" అంది. ఆ పిల్ల నొక్కేసి, మజ్జిగ తాగి వెళ్లిపోయింది.

"తొమ్మిదేంటత్తా?" అన్నాను. "తక్కువ చెబితే పింఛను ఆపేస్తే ఎవడిస్తాడ్రా? 96 తుఫానుకి కొబ్బరి చెట్లన్నీ పడిపోయిన రోజులతో చూసుకుంటే ఇప్పుడేం తక్కువ?" అంది. ఇక అక్కణ్నుంచి మొదలు. కొడుకు కువైట్ నుంచి వచ్చి ఎన్నాళ్లయిందో. సార్వా (ఖరీఫ్) చేను కోతకొచ్చాక వానకి పడిపోతే, మురుగు కాలవ నిండా గుర్రపుడెక్క ఉండి నీళ్లు దిగక, కంకుల మీదే మొలకలొచ్చాయి. ఆ ధాన్యంలో తేమ 17 శాతం దాటిందని రేటు కోసేశారు. అది మాత్రం మిషన్ పెట్టి పాయింట్లతో సహా కొలుస్తారు!

కష్టానికి అలవాటు పడ్డవాళ్లు ఉన్నదాంతోనే సరిపెట్టుకుంటారు కాబట్టి వాళ్ల సంతృప్తినే కొలమానంగా తీసుకోకూడదని ఆర్థికవేత్త అమర్త్యసేన్ ఎప్పుడో చెప్పాడు. ప్రశ్నల వరసతో కూడా తేడా వస్తుంది. అమెరికాలో గాలప్ అనే సంస్థ చేసిన సర్వేలో ముందు రాజకీయాల గురించి అడిగి, ఆ వెంటనే జీవితానికి మార్కులు వేయమంటే జనం తక్కువ వేశారని ఆంగస్ డీటన్ అనే ఆర్థికవేత్త తేల్చాడు. మరి పింఛను గురించి అడిగాక మా అత్తయ్య ఎక్కువ వేయదా?

ప్రపంచ సంతోష నివేదికలోనూ అంతే, పది మెట్ల నిచ్చెన మీద మీ జీవితం ఎన్నో మెట్టు మీదుందో చెప్పమంటారు. 2025లో 147 దేశాల్లో మనకి 118వ స్థానమని టీవీల్లో ఒకటే గోల. నాకైతే బ్రిటన్ వాళ్లు 2011 నుంచి అడుగుతున్న నాలుగు ప్రశ్నల్లో "నిన్న ఎంత ఆందోళన పడ్డారు?" అన్నది నచ్చింది. అదడిగి ఉంటే అత్తయ్య ఆ పిల్లని సాయంత్రం దాకా కదలనిచ్చేది కాదు.

ఇంకా ఫోన్ సర్వేలొకటి. "సంతృప్తిగా ఉంటే ఒకటి నొక్కండి" అంటుంది. అన్నం తినేటప్పుడే వస్తుంది. ఎవరైనా ఒకటి నొక్కి పెట్టేస్తారు.

అసలు జనం ఎలా ఉన్నారో వాళ్లు చేసే పనుల్లో తెలిసిపోతుంది. 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే అని సార్వా నాట్లే వేయలేదు. కాటన్ దొర ఆనకట్ట కింద, నీళ్లున్న భూముల్ని బీడు పెట్టారంటే అంతకన్నా పెద్ద సర్వే ఏముంటుంది? గిట్టుబాటు లేదు, కూలి ఖర్చులు పెరిగాయి, మురుగు కాలవలు బాగు చేయలేదు అన్నారు. ఎందుకిలా చేశారో తేల్చమని ప్రభుత్వం మోహన్ కందా కమిటీ కూడా వేసింది.

అందుకే నన్నడిగితే, మా సంతృప్తి కొలవాలనుకునే వాళ్లు మే నెలలో రండి. కాలవలు కట్టేసి ఉంటాయి, పూడిక తీశారో లేదో ట్యాబ్ లేకుండానే కనిపిస్తుంది. మా ఊళ్లో అయితే జూన్‌లో నీళ్లు వదిలే ముందు వారం మిషన్ దింపుతారు, గట్టు మీద గడ్డి చెక్కి ఫోటో తీసుకుంటారు, బిల్లు పెట్టుకుంటారు.