పాత చీరలతో బొంత, మిషన్ లేకుండా

కుట్టుమిషన్ లేకుండా పాత చీరలతో, పిల్లల గౌన్లతో బొంత కుట్టొచ్చా, ఎన్ని చీరలు పడతాయి అని అడిగారు కదా. చేత్తోనే కుట్టొచ్చండి. నాకూ మిషన్ తొక్కడం రాదు, అయినా మూడు కుట్టాను. మొదటిది మాత్రం ఇప్పుడు గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునే పట్టా అయిపోయింది, ఎందుకో చెప్తాను.

ఒక్కరికైతే రెండు నూలు చీరలు చాలు. చీర అయిదున్నర మీటర్లుంటుంది, సగానికి మడిస్తే రెండు పొరలు, రెండు చీరలకి నాలుగు. డబుల్ కాట్‌కి కావాలంటే చీరని సగానికి కోసి రెండు ముక్కలూ పక్కపక్కన కలిపితే ఒక పొర వస్తుంది, అలాంటివి మూడు. అయిదు పొరలు దాటితే సూది దిగదు, వేళ్లు బొబ్బలెక్కుతాయి.

నా మొదటి బొంతలో ఎలాగూ కనపడదులే అని మధ్యలో సింథటిక్ చీర పెట్టాను. రెండు ఉతుకులకే జారిపోయి ఒక మూలకి ఉండ చుట్టుకుంది! పైన వేసిన పెడన కలంకారీ గుడ్డ కొత్తది, ఉతక్కుండా కుట్టేశాను, అది కుంచించుకుపోయి, ఎరుపు దిగి కింది తెల్ల చీరంతా పాడైంది. అందుకని కొత్త గుడ్డని ముందే రెండుసార్లు విడిగా ఉతకండి. పాత చీరలకి గంజి పూర్తిగా పోవాలి, లేకపోతే సూది మొరాయిస్తుంది. జరీ అంచు కోసేయండి, గుచ్చుకుంటుంది.

అసలు పని నేల మీదే. ఇద్దరుండాలి, నేనొక పక్క, మా అమ్మ ఒక పక్క పట్టుకుని ముడత లేకుండా లాగి, మూలల్లో పప్పు డబ్బాలు పెట్టి, మధ్యలోంచి మొదలుపెట్టి అంచుల దాకా జానెడు దూరానికో పిన్నీసు పెట్టుకుంటూ పోయాం. ఇక్కడ తొందరపడితే చివర్లో గుడారంలా ఉబ్బుతుంది. తర్వాత లావు నూలు దారం రెండు పేటలుగా ఎక్కించి, రెండు వేళ్ల ఎడంతో వరసలు. కుట్టు అరంగుళం ఉన్నా ఫర్వాలేదు, వంకరైనా ఎవరూ చూడరు.

గౌన్ల ముక్కలు అంచులు లోపలికి మడిచి పై చీర మీద ముందే అతికించి కుట్టుకోండి. టీషర్టులు వద్దు, సాగుతాయి. జీన్సు అసలే వద్దు.

రోజూ టీవీ ముందు ఓ గంట కూర్చుంటే నాకు నెల పట్టింది. ఉతికేటప్పుడు మాత్రం ఎండ బాగా కాసే రోజు చూసుకోండి, తడిస్తే ఇద్దరు పట్టుకుంటే గాని లేవదు.