నాన్న క్రికెట్ కావాలి, నాన్న ఉద్యోగం వద్దా?

మేడమ్, మాది గుంటూరు జిల్లా. ఇంటర్ సెకండియర్ చదువుతున్నాను. ట్యూషన్‌లో ఒకబ్బాయి అంటే నాకు చాలా ఇష్టం. అతనికి క్రికెట్టే లోకం, అందులోనూ టెస్టులు. మాటల్లో మాటగా నాకూ టెస్టులంటే ప్రాణమని చెప్పేశాను. నిజానికి నాకు ఎల్బీడబ్ల్యూ అంటే ఏంటో కూడా తెలియదు. ఒకరోజు ‘ఫాలో ఆన్ ఆడించడం మంచిదంటావా?’ అని అడిగాడు. ఇన్‌స్టాగ్రామ్ సంగతేమో అనుకుని ‘నేను అందరినీ ఫాలో అవ్వను’ అన్నాను. జోక్ అనుకుని నవ్వాడు కాబట్టి బతికిపోయాను. ‘నువ్వు మిగతా అమ్మాయిల్లా కాదు’ అన్నాడు కూడా.

అప్పటి నుంచి నాన్న దగ్గర నేర్చుకుంటున్నాను. ఆయనకి క్రికెట్ పిచ్చి. రోజూ కూర్చోబెట్టి చెబుతున్నారు. కొంచెం బోరే, కానీ ఉపయోగపడుతోంది. 2001లో లక్ష్మణ్ 281 కొట్టిన మ్యాచ్ చూస్తూ నాన్న డిగ్రీ పరీక్ష ఫీజు కట్టడం మర్చిపోయి టీకొట్టు ముందే నిలబడిపోయారట. అది చెబితే అతను ఎంత ఇంప్రెస్ అయ్యాడో! ‘మీ నాన్నగారిని కలవాలి’ అంటున్నాడు. నాన్న ఆర్టీసీలో కండక్టర్. నేను బ్యాంకులో చేస్తారని చెప్పాను. పరీక్షలయ్యాక ఫ్రెండ్స్‌తో కలిసి మా ఇంటికొచ్చి మ్యాచ్ చూస్తారట. నాకు క్రికెట్ రాదని పట్టేస్తాడేమోనని ఒకటే టెన్షన్. నెల రోజుల్లో మొత్తం నేర్చుకోవడం ఎలా?

* * *

నెల రోజుల్లో క్రికెట్ రాదమ్మా. ఆ నెల ఫిజిక్స్ చదువుకో. నీ ప్రశ్నకి నా జవాబు ఇంతే.

ఆట గురించి ఆడిన అబద్ధం నాకు పెద్ద తప్పుగా కనిపించడం లేదు. ఆ వయసులో ఇష్టమైనవాళ్ల ముందు ఏదో ఒకటి నటించనివాళ్లు ఎవరు? ఆ అబ్బాయి కూడా నీ ముందు ఏదో నటిస్తూనే ఉంటాడు. ‘నిజం చెప్పాలంటే నాకు ఎల్బీడబ్ల్యూ తెలియదు, చెప్పవా’ అని అడిగి చూడు. గంటసేపు ఆపడు. క్రికెట్ పిచ్చి ఉన్న మగవాళ్లకి అంతకు మించిన పండగ లేదు. మా ఇంట్లోనూ ఒకరున్నారు. ముప్పై ఏళ్ల కాపురంలో నేను ఒక్క మ్యాచ్ కూడా పూర్తిగా చూడలేదు. ఐదు రోజులు ఆడి, డ్రా అని చేతులు కలుపుకుని వెళ్లిపోయే ఆట నాకు ఎక్కదు. ఆ మాట పెళ్లయిన నెలకే చెప్పేశాను. కొంపేమీ మునగలేదు.

నీ ఉత్తరంలో నేను ఆగిపోయింది బ్యాంకు దగ్గర. దానికంటే ముందు ఇంకో మాట దగ్గర కూడా ఆగాను. ‘ఉపయోగపడుతోంది’ అని రాశావు, నాన్న గురించి.

పొద్దున చీకటితో డిపోకి వెళ్లి, రోజంతా కదిలే బస్సులో నిలబడి, టికెట్లు కొట్టే టిమ్ మిషన్ పట్టుకుని, చిల్లర కోసం నలుగురితో మాట పడి ఇంటికొచ్చే మనిషి ఆయన. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ప్రయాణం ఉచితం అయ్యింది కదా, అయినా ప్రతి ఒక్కరికీ జీరో టికెట్ కొట్టాల్సిందే. నువ్వు ట్యూషన్‌కి వెళ్లేదీ బహుశా ఆ టికెట్‌తోనే. సాయంత్రం లెక్క తక్కువొస్తే సొంత జేబులోంచి కట్టాలి. బ్యాంకులో కూర్చుని లెక్కపెట్టే డబ్బుకీ, గతుకుల రోడ్డు మీద ఊగుతూ లెక్కపెట్టే డబ్బుకీ గౌరవంలో తేడా ఎక్కడుందో నాకైతే తెలియదు. అలాంటి మనిషి కాళ్లు పీకుతున్నా కూతురు పక్కన కూర్చుని అడిగిందని స్లిప్పులూ గల్లీలూ అంటూ ఫీల్డర్లు నిలబడే చోట్లన్నీ విడమరిచి చెబుతున్నాడు. నీకు బోరు కొడుతోంది. సరే, కొట్టనీ. ఆయనకి మాత్రం అది రోజు మొత్తంలో ఎదురుచూసే అరగంట అయ్యుంటుంది.

ఆ టీకొట్టు సంగతే చూడు. అది మార్చి 14 అయ్యుంటుంది. అంకెలు నువ్వు ఈపాటికి బట్టీ పట్టే ఉంటావు. ఆస్ట్రేలియా వరుసగా 16 టెస్టులు గెలిచి కోల్‌కతా వచ్చింది. మనవాళ్లు తొలి ఇన్నింగ్స్‌లో 171కే కూలిపోయారు. 274 పరుగులు వెనకబడి ఫాలో ఆన్ ఆడుతున్నారు. (వాళ్లకన్నా బాగా వెనకబడ్డారు కాబట్టి, వెంటనే మళ్లీ మీరే బ్యాటింగ్ చేయండి అనడమే ఫాలో ఆన్. నాకే తెలుసు చూడు. మా ఇంట్లో ఏడాదికోసారి వినిపించే పురాణం ఇది.) ఇక ఓటమే అనుకున్న నాలుగో రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా లక్ష్మణ్, ద్రావిడ్ ఒక్క వికెట్ కూడా పడనివ్వలేదు. మర్నాడు మ్యాచే గెలిచేశాం. అలాంటి రోజున, ఇరవై ఏళ్ల కుర్రాడు టీవీ వదిలి ఫీజు కౌంటర్‌కి ఎలా వెళ్తాడు?

తర్వాత ఏమైంది? ఆ ఫీజు ఫైన్‌తో కట్టారా? డిగ్రీ పూర్తయిందా, అక్కడే ఆగిందా? కండక్టర్ ఉద్యోగానికి ఎలా వచ్చారు? ఇవేవీ నీ ఉత్తరంలో లేవు. అడిగి ఉంటావని కూడా నాకు అనిపించడం లేదు. ఆ అబ్బాయికి చెప్పడానికి పనికొచ్చేంత వరకే విన్నావు. టీకొట్టు ముందు నిలబడిన కుర్రాడిని గర్వంగా చూపించావు. అదే కుర్రాడు ఇప్పుడు ఖాకీ చొక్కాతో బస్సులో నిలబడితే మాత్రం దాచేశావు. నాకు కోపం వచ్చింది ఇక్కడేనమ్మా. క్రికెట్ గురించి నువ్వు చెప్పింది అబద్ధం అంతే. నాన్న గురించి చెప్పింది అవమానం.

ఆ అబ్బాయి చిన్నచూపు చూస్తాడని భయమా? టెస్టులు అంత ప్రాణమైతే మన హైదరాబాదీ బౌలర్ సిరాజ్ అంటే పడి చచ్చేవాడే అయ్యుంటాడు. 2025 ఆగస్టులో లండన్ ఓవల్‌లో ఇంగ్లండ్ మీద 6 పరుగులతో గెలిపించిన సిరాజ్‌కి అతనూ చప్పట్లు కొట్టే ఉంటాడు. సిరాజ్ వాళ్ల నాన్న హైదరాబాద్‌లో ఆటో నడిపారు. అది లోకమంతటికీ తెలుసు, సిరాజ్ ఎప్పుడూ దాచలేదు. ఆటో నడిపిన తండ్రి కొడుకుని మెచ్చుకుని, కండక్టర్ కూతురు అనగానే మొహం మార్చుకునే అబ్బాయి అయితే, ఆ సంగతి ఇప్పుడే బయటపడటం నీ అదృష్టం.

ఆ ‘మిగతా అమ్మాయిల్లా కాదు’ అన్న మాటకి మురిసిపోకు. 2025 నవంబరు 2న ప్రపంచకప్ గెలిచిన మన ఆడపిల్లల జట్టులో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉంది. ఆ మిగతా అమ్మాయిలు ఎవరో అతన్నే అడుగు.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. ఈ వారంలోనే ఆ అబ్బాయితో ‘మా నాన్న ఆర్టీసీ కండక్టర్, బ్యాంకు అని అబద్ధం చెప్పాను’ అను. ఏడవొద్దు, సంజాయిషీలు వద్దు. తర్వాత ఏమంటాడో అతని సంస్కారానికి వదిలెయ్. బ్యాంకు మాట నాన్నకి మాత్రం చెప్పకు. చెప్పేస్తే మనసు తేలికపడుతుందని నీకు అనిపిస్తుంది. ఆ బరువు వెళ్లి ఆయన మీద పడుతుంది, ఆయనకి దాన్ని దింపుకునే చోటు ఉండదు. వేరేవాళ్ల ద్వారా ఆయన చెవిన పడకముందే సరిదిద్దుకో, చాలు. అబ్బాయి సంగతి అమ్మకి చెప్పు. పరీక్షల ముందు ఇంట్లో రభస ఎందుకని ఆమే చూసుకుంటుంది. ఫ్రెండ్స్ ఇంటికి రావడమంటావా, నాన్న ఇంట్లో ఉన్న రోజు, అమ్మ సరేనంటేనే.

ఒకటి మాత్రం గుర్తుపెట్టుకో. నాన్నకి ఏమీ తెలియదని నువ్వు అనుకుంటున్నావు. ఇన్నేళ్లుగా, కిక్కిరిసిన బస్సులో ఎవరు టికెట్ తీసుకోకుండా కిటికీలోంచి బయటికి చూస్తున్నారో మొహం చూసి పట్టేసే మనిషి ఆయన. ఉన్నట్టుండి కూతురికి టెస్టు క్రికెట్ మీద ప్రేమ పుట్టుకొస్తే అనుమానం రాదా? వచ్చే ఉంటుంది. అయినా అడగకుండా చెబుతున్నారు.

ఈ రాత్రి ఆయన డ్యూటీ దిగి వచ్చాక స్కోర్లు అడగకు. ఆ పరీక్ష ఫీజు ఏమైందో అడుగు. ఈసారి నాకు రాసేటప్పుడు నాన్న ఏ రూట్‌లో వెళ్తారో కూడా రాయి. తెలియకపోతే అదీ ఆయన్నే అడుగు.